ముద్దుపేరు, రికార్డు పేరు

మన ఇళ్లలో చాలామందికి రెండు పేర్లు. బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో, శుభలేఖలో ఉండేది ఒకటి. అమ్మ వంటింట్లోంచి కేకేసేది ఇంకొకటి. వెంకట సత్యనారాయణమూర్తి ఇంట్లో సత్తి అయ్యాడంటే అంత పొడుగు పేరు పలకడానికి నోరు నొప్పెట్టిందనుకోవడం సగం నిజమే. ఆ చిన్న పేరులో పిలిచేవాళ్లకూ పలికేవాళ్లకూ మధ్య ఏళ్ల తరబడి కుదిరిన ఒప్పందం ఉంటుంది. ఆ ఇంటి గడప దాటితే అది చెల్లదు, చెల్లాలని ఎవరూ కోరుకోరు. కంప్యూటర్ టెర్మినల్ ముందు పనిచేసేవాళ్లు తాము వాడే కమాండ్లకు పెట్టుకునే ఆలియాస్‌లు కూడా ఇలాంటి ముద్దుపేర్లే. వాటి గురించి లోకంలో ఒక వివరణ స్థిరపడిపోయింది: టైపు చేసే శ్రమ తప్పించుకోవడానికి పుట్టాయి, నెమ్మది యంత్రాల కాలపు అవశేషాలు, నేటి వేగంలో వాటి అవసరం తీరిపోయింది అని. తేదీలు వరసగా పెట్టి చూస్తే ఈ వివరణ నిలబడదు. యంత్రాలు వేగం పుంజుకున్న కొద్దీ అడ్డదారులు పెరిగాయి గాని తరగలేదు. ఒకసారి ఆలోచించి తీసుకున్న నిర్ణయాన్ని మళ్లీ మళ్లీ ఆలోచించకుండా వాడుకోవడానికి మనిషి చేసుకున్న ఏర్పాటు ఇది. కమాండ్ లైన్ భాష పెరిగింది కూడా ఎక్కువగా ఈ ఏర్పాట్ల వల్లనే.

నెమ్మది యంత్రాల మాట అబద్ధమేమీ కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మర్రీ హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదలుపెట్టేనాటికి వాళ్ల ముందు తెర లేదు. కాగితపు చుట్ట మీద అక్షరాలు కొట్టే టెలిటైప్ యంత్రం ఉండేది. ఇద్దరూ పీడీపీ-11 కంప్యూటర్ ముందు ఉన్న ప్రసిద్ధమైన ఫొటోలో కనిపించేవి టెలిటైప్ 33 మోడల్ యంత్రాలు. మన పత్రికా కార్యాలయాల్లో వార్తా సంస్థల ఇంగ్లీషు వార్తల్ని రాత్రంతా టకటకలాడుతూ దించిన టెలిప్రింటర్లకు ఇవి దగ్గరి చుట్టాలు. టెలిటైప్ 33 వేగం సెకనుకు 10 అక్షరాలు. ఒక డైరెక్టరీలో 20 ఫైళ్లుండి, ఒక్కోదాని వివరం 60 అక్షరాల వరస అనుకుంటే, ఆ పట్టిక కాగితం మీదికి దిగడానికి రెండు నిమిషాలు. మీటలు కూడా నేటి కీబోర్డు మీటల్లా మెత్తగా ఉండవు, వేలు బలంగా దిగాలి. మాటకింతని రుసుం కట్టి టెలిగ్రాం ఇచ్చిన కాలంలో మనవాళ్లు కబురును ఎంత కుదించి రాసేవారో, ఈ యంత్రం ముందు కూర్చున్నవాళ్లు కూడా అంతే పొదుపుగా ఉండేవారు. పని సవ్యంగా అయిపోతే యూనిక్స్ కమాండ్ ఏమీ పలకదు. ఈడీ అనే ఎడిటర్ తప్పు జరిగితే ఒక్క ప్రశ్నార్థకం అచ్చువేసి ఊరుకునేది. కాపీకి సీపీ, మూవ్‌కు ఎంవీ, రిమూవ్‌కు ఆర్ఎం, లిస్ట్‌కు ఎల్ఎస్ అని రెండేసి అక్షరాల పేర్లు పెట్టడంలో ఈ యంత్రం చేయి తప్పకుండా ఉంది.

అయితే ఆ పేర్లన్నీ టెలిటైప్ దగ్గరే పుట్టినవి కావు. యూనిక్స్‌కు ముందు థాంప్సన్, రిచీ పనిచేసిన మల్టిక్స్ అనే పెద్ద వ్యవస్థలో చాలా కమాండ్లకు రెండేసి పేర్లు అధికారికంగానే ఉండేవి. ఫైళ్ల పట్టిక చూపించే కమాండ్ పూర్తి పేరు లిస్ట్, పొట్టి పేరు ఎల్ఎస్. ఇప్పుడు ఏ డైరెక్టరీలో ఉన్నామో చెప్పేదానికి ప్రింట్ డబ్ల్యూడిర్ అన్నది నిండు పేరు, పీడబ్ల్యూడీ అన్నది పిలుపు పేరు. మాన్యువల్లో రెండూ పక్కపక్కనే అచ్చయ్యేవి. కొత్తవాడు పూర్తి పేరుతో మొదలుపెట్టి, చేయి తిరిగాక పొట్టి పేరులోకి దిగేవాడు. యూనిక్స్ ముద్దుపేరును ఉంచుకుని రికార్డు పేరును వదిలేసింది. పదేళ్లు తిరిగేసరికి ఎల్ఎస్ అన్నదే రికార్డు పేరైంది. దాని వెనక లిస్ట్ అనే మాట ఉందని వాడేవాళ్లలో చాలామందికి తెలియకుండా పోయింది. మన పాత ఉత్తరాల్లో మ.రా.రా.శ్రీ అని మొదలుపెట్టినవాళ్లందరూ అది మహారాజరాజశ్రీ అని తలచుకుంటూ రాశారా? సంక్షిప్తం వాడగా వాడగా పూర్తి మాట అయిపోతుంది. ఈ చరిత్ర పొడుగునా ఇదే పదే పదే జరిగింది.

మల్టిక్స్‌లోనే అబ్రెవ్ అనే మరో ఏర్పాటు ఉండేది. ఎవరికి వారు తమకు నచ్చిన పొట్టి మాటను, అది దేనికి బదులో ఆ పొడుగు మాటను తమ సొంత ప్రొఫైల్‌లో రాసిపెట్టుకోవచ్చు. కమాండ్ వరసలో ఆ పొట్టి మాట వస్తే వ్యవస్థ దాన్ని విప్పి చదువుకుంటుంది. సొంత అడ్డదారి అనే ఆలోచన యూనిక్స్ కంటే ముందుదేనన్న మాట. అంతకన్నా వెనక్కి వెళితే ఫ్రెంచి ఇంజినీరు లూయీ పూజాఁ ఎంఐటీలో ఉండగా 1963-64 ప్రాంతంలో రాసిన రన్‌కామ్ కనిపిస్తుంది. కమాండ్ల వరసను ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలునే ఒక కమాండ్‌లా నడిపించే ప్రోగ్రాం అది. మనిషి కమాండ్లను అందుకుని నడిపించే పొరకు షెల్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. ఈనాడు లినక్స్ వాడే చాలామంది ఇంటి డైరెక్టరీలో ఉండే బాష్ ఆర్‌సీ, జెడ్ షెల్ ఆర్‌సీ ఫైళ్ల చివర ఉన్న ఆర్‌సీ అన్న రెండక్షరాలు ఆ రన్‌కామ్‌కు మిగిలిన జ్ఞాపకం. పూజాఁ ఊహలో అన్నిటికంటే విలువైనది మరొకటుంది: మనిషి మాటను యంత్రానికి అందించే ఈ పొర వ్యవస్థ గర్భంలో భాగం కానక్కరలేదు, మామూలు ప్రోగ్రాముల్లో అదీ ఒకటి కావచ్చు. అలా అయితే నచ్చని షెల్‌ను పక్కన పెట్టి ఇంకొకటి రాసుకోవచ్చు. తర్వాత జరిగిందంతా ఈ వెసులుబాటు మీదే జరిగింది.

ఇక తేదీలు. యూనిక్స్‌లో ఆలియాస్ కనిపించింది టెలిటైప్ రోజుల్లో కాదు. థాంప్సన్ రాసిన మొదటి షెల్‌లో అది లేదు. స్టీఫెన్ బోర్న్ రాయగా 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో వచ్చిన షెల్‌లోనూ లేదు. దాన్ని తెచ్చింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి 1970ల చివర రాసిన సీ షెల్. అప్పటికి జాయ్ ముందున్నది లియర్ సీగ్లర్ కంపెనీ వాళ్ల ఏడీఎం-3ఏ అనే తెర టెర్మినల్. దాని మీద అక్షరాలు కాగితం కోసం ఆగవు. 1978లో వీటీ100 అనే టెర్మినల్ కూడా వచ్చి, 24 వరసల తెర ప్రమాణంలా స్థిరపడుతున్న కాలమది. అడ్డదారికి కారణం యంత్రం నెమ్మదే అయితే, ఆ నెమ్మది తొలగిపోతున్న ఘడియలోనే ఆలియాస్ ఎందుకు పుట్టినట్టు? ఏడీఎం-3ఏ కీబోర్డును దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అందులో హోమ్ అని రాసి ఉన్న మీట మీదే అలలాంటి టిల్డే గుర్తు కూడా ఉండేది. సీ షెల్‌లో సొంత డైరెక్టరీకి ఆ గుర్తే సంకేతమైంది. ఆ టెర్మినల్ అటకెక్కి దశాబ్దాలైంది. గుర్తు మాత్రం ఇంటికి దారిగా అలాగే ఉంది. వీఐ ఎడిటర్‌లో కర్సర్‌ను అటూ ఇటూ నడపడానికి హెచ్, జే, కే, ఎల్ మీటలు ఎంచుకున్నదీ ఆ కీబోర్డులో వాటి మీద బాణం గుర్తులుండబట్టే. యంత్రం వదిలి వెళ్లింది ఇలాంటి గుర్తుల్ని. ఆలియాస్ అవసరం మాత్రం వేరే వైపు నుంచి వచ్చింది.

ఆ వైపు ఏమిటో ఎల్ఎస్ ఒక్కదాని జాతకం చూస్తే చాలు. 1971 నవంబరులో వెలువడిన యూనిక్స్ మొదటి మాన్యువల్లో ఎల్ఎస్‌కు ఉన్న ఆప్షన్లు, అంటే దాని తీరు మార్చే అక్షరాలు, ఐదు: ఎల్, టీ, ఏ, ఎస్, డీ. లినక్స్‌లో ఉండే నేటి గ్నూ ఎల్ఎస్‌కు యాభైకి పైనే ఉన్నాయి. ఈ బరువు చూసి ఆదిలోనే కలత పడ్డవాళ్లున్నారు. బెల్ ల్యాబ్స్‌కే చెందిన రాబ్ పైక్ 1983లో యూనిక్స్ వాడేవాళ్ల సంఘం యూసెనిక్స్ సభలో క్యాట్ కమాండ్‌కు తగిలించిన ఒక ఆప్షన్‌ను తప్పుపడుతూ మాట్లాడారు; ఒక పనికి ఒక ప్రోగ్రాం ఉండాలి గాని, ఉన్న ప్రోగ్రాముకు కొత్త చేతులు మొలిపించకూడదన్నది ఆయన వాదన. వాదన గట్టిదే. లోకం మాత్రం దాని ప్రకారం నడవలేదు. ఆప్షన్లు పెరిగిపోయాయి. వాటిలో తనకు కావలసిన రెండో మూడో ఏవో ప్రతి మనిషీ తేల్చుకోవలసి వచ్చింది. ఎల్ఎల్ అనే ఆలియాస్ పుట్టింది ఇక్కడ. ఎల్ఎస్ పక్కన ఖాళీ, హైఫన్, ఎల్ అని కొట్టడానికీ ఎల్ఎల్ అని కొట్టడానికీ తేడా మూడు మీటలు. మూడు మీటల కోసం ఎవరూ ఒక ఫైలు తెరిచి, వరస రాసి, దాచుకుని, పాతికేళ్లు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మోసుకెళ్లరు. నాకు ఫైళ్ల పట్టిక అంటే పరిమాణం, తేదీ, అనుమతులతో కలిపి కావాలి అన్న నిర్ణయం ఆ రెండక్షరాల్లో ఉంది. ఒక్కొక్కరూ విడివిడిగా తీసుకున్న ఆ నిర్ణయం ఎంతమందికి ఉమ్మడిగా తేలిందంటే, ఉబుంటు లినక్స్ కొత్త ఖాతాకు ఇచ్చే బాష్ ఆర్‌సీ ఫైలులో ఎల్ఎల్, ఎల్ఏ, ఎల్ అన్న మూడు ఆలియాస్‌లు ముందే రాసి ఉంటాయి. ఎవరింట్లోదో ముద్దుపేరు ఊరంతా పిలిచే పేరైంది.

మిగతా సౌకర్యాలు నడిచిన దారీ ఇదే. ఇంతకుముందు ఇచ్చిన కమాండ్‌ను రెండు ఆశ్చర్యార్థకాలతో తిరిగి రప్పించే హిస్టరీ కూడా సీ షెల్‌తోనే యూనిక్స్‌కు వచ్చింది. సగం కొట్టిన మాటను యంత్రం చేత పూర్తి చేయించడం మసాచుసెట్స్‌లో బీబీఎన్ సంస్థ తయారుచేసిన టెనెక్స్ వ్యవస్థలో పుట్టింది. అక్కడ కమాండ్ల పేర్లు నిండుగానే ఉండేవి; నాలుగు అక్షరాలు కొట్టి ఎస్కేప్ మీట నొక్కితే మిగతాది వ్యవస్థే రాసిపెట్టేది, తర్వాత ఏమివ్వాలో కుండలీకరణాల్లో సూచన కూడా చూపేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కెన్ గ్రీర్ ఆ పద్ధతిని ఒక కొత్త షెల్‌లో పొదిగారు. టీ సీ షెల్ పేరులోని మొదటి అక్షరం టెనెక్స్ గుర్తే. బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ 1983లో ప్రకటించిన కార్న్ షెల్ బోర్న్ వ్యాకరణాన్నీ సీ షెల్ సౌకర్యాలనూ ఒక్క చోటికి చేర్చింది. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిగా ఏర్పడిన 1992 నాటి పోసిక్స్ ప్రమాణంలోకి ఆలియాస్ ఎక్కింది ఆ దారిలోనే. 1989లో గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ విడుదల చేసిన బాష్, 1990లో ప్రిన్స్‌టన్‌లో చదువుతున్న పాల్ ఫాల్‌స్టడ్ రాసిన జెడ్ షెల్ ఆ వారసత్వాన్ని పెంచాయి. జెడ్ షెల్ పేరు కూడా ఒక మనిషి లాగిన్ పేరే: అప్పుడు అక్కడ బోధనా సహాయకుడిగా ఉన్న జోంగ్ షావ్ తన ఖాతాకు పెట్టుకున్న మూడక్షరాలు. సొంత అమరికలన్నీ ఏ ఫైళ్లలో ఉంటాయో ఆ డాట్‌ఫైళ్లు పుట్టింది మాత్రం ఒక పొరపాటులోంచి. రాబ్ పైక్ చెప్పిన ప్రకారం, ప్రతి డైరెక్టరీలోనూ ఉండే ఒక చుక్క, రెండు చుక్కల ఎంట్రీలు పట్టికలో కనిపించకుండా చేద్దామని ఎల్ఎస్‌లో ఒక తనిఖీ రాశారు. అది చుక్కతో మొదలయ్యే ప్రతి పేరునూ దాచేసింది. కనిపించని చోటు దొరికేసరికి అందరూ తమ అమరికల్ని అక్కడే పెట్టుకోవడం మొదలుపెట్టారు. పైక్ దీన్ని తప్పుగానే లెక్కించారు. ఆ తప్పు వల్ల దొరికిన మరుగులో లక్షలమంది తమ అలవాట్లు రాసిపెట్టుకున్నారు గనక, చరిత్ర రాసేవాడికి అదొక పాతర.

ఆ పాతరను తవ్వి చూసినవాళ్లున్నారు. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో మిఖాయెల్ ష్రోడర్, యూర్గెన్ చీటో అనే పరిశోధకులు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో జనం బహిరంగంగా పెట్టుకున్న డాట్‌ఫైళ్ల నుంచి 22 లక్షలకు పైగా ఆలియాస్‌లను ఏరి విశ్లేషించారు. కుదింపు వాటిలో ఒక్క రకం మాత్రమే. కమాండ్‌కు పుట్టుకతో ఉన్న తీరును మార్చుకోవడం, ఒక కమాండ్ బదులు ఇంకొకటి నిలబెట్టడం, తరచూ వెళ్లే డైరెక్టరీకి ఆనవాలు పెట్టుకోవడం, వచ్చే జవాబుకు రంగులు వేయించడం, నాలుగు పనుల్ని గొలుసుగా కట్టడం, ఇలా తొమ్మిది అలవాట్లను వాళ్లు గుర్తించారు. వేళ్ల శ్రమే మూలమైతే ఇంత వైవిధ్యం ఉండదు. ఒకే కమాండ్ తీరును వేలమంది ఒకే రకంగా మార్చుకుంటున్నారంటే, ఆ కమాండ్‌కు మొదట పెట్టిన అమరిక జనానికి నప్పలేదని అర్థం. ప్రోగ్రాం రాసినవాళ్లకు అది ఎవరూ అడగకుండానే అందిన ఫిర్యాదుల పుస్తకం.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, తేలిగ్గా తోసేయదగ్గది కాదు. 1981 నవంబరులో డేటామేషన్ పత్రికలో మనోవైజ్ఞానికుడు డొనాల్డ్ నార్మన్ యూనిక్స్ పేర్ల మీద పెద్ద విమర్శ రాశారు. ఈ పేర్లలో పొంతన లేదు, చూసి అర్థం పోల్చుకోలేం, వ్యవస్థ మౌనం కొత్తవాడిని భయపెడుతుంది అన్నది ఆయన మాటల సారం. అసలు పేర్లే గూఢంగా ఉంటే వాటి మీద ఎవరికి వారు ఇంకో పొర గూఢభాష కప్పుకోవడం ఏం మేలు అని ఈనాటి విమర్శకులు దానికి కలుపుతారు. పేర్ల విషయంలో నార్మన్ చెప్పింది నిజమేనని నా అభిప్రాయం. మల్టిక్స్ రెండు పేర్లనూ ఉంచినప్పుడు యూనిక్స్ ఒకదాన్ని పారేయడం కొత్తవాళ్లకు నష్టమే చేసింది. అయితే దానికి మందు నిండు పేర్లొక్కటే కాదని మైక్రోసాఫ్ట్ అనుభవం చూపిస్తుంది. 2006లో వచ్చిన పవర్‌షెల్‌లో ప్రతి కమాండ్‌కూ క్రియ, నామం కలిపి పొందికైన పొడుగు పేరు పెట్టారు. ఫైళ్ల పట్టికకు గెట్ చైల్డ్ ఐటెమ్ అనాలి. నార్మన్ కోరిన పొంతన అందులో నిండా ఉంది. కానీ అదే పవర్‌షెల్ మొదటి రోజు నుంచే డిర్, ఎల్ఎస్, జీసీఐ అన్న ఆలియాస్‌లను వెంట తెచ్చుకుంది. నేర్చుకునే రోజుకు నిండు పేరు, నేర్చాక రోజూ వాడుకకు చిన్న పేరు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు. అడ్డదారి ఎక్కడ హద్దు దాటుతుందో కూడా ఆ పవర్‌షెలే చూపింది. కర్ల్, డబ్ల్యూగెట్ అన్నవి అప్పటికే ప్రపంచమంతా వాడుతున్న వేరేవాళ్ల ప్రోగ్రాములు. ఆ పేర్లను పవర్‌షెల్ తన సొంత కమాండ్‌కు ఆలియాస్‌లుగా తగిలించింది, ఆ కమాండ్ వాటిలా పనిచేయదు. 2016లో పవర్‌షెల్ కోడ్ బహిరంగం కాగానే దీని మీద పెద్ద గొడవ లేచి, కొత్త వెర్షన్‌లో ఆ రెండూ తీసేశారు. మన బిడ్డకు ముద్దుపేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పక్కింటివాళ్ల బిడ్డ పేరు లాక్కోవడం కుదరదు.

రెండో అభ్యంతరం సర్వర్లు చూసుకునేవాళ్లది. సొంత అమరికలకు అలవాటు పడ్డ మనిషి ఏమీ లేని కొత్త మెషీన్ మీద అర్ధరాత్రి పనిచేయవలసి వస్తే చేతులు కట్టేసినట్టవుతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు నేర్చుకోవడమే మేలంటారు. వాళ్లు చూపే ఉదాహరణ బలమైనది. రెడ్ హ్యాట్ లినక్స్‌లో నిర్వాహకుడి రూట్ ఖాతాకు ఆర్ఎం అంటే ఆర్ఎం హైఫన్ ఐ అని ఆలియాస్ ముందే ఉంటుంది. అంటే చెరిపే ముందు ఒక్కో ఫైలుకూ అనుమతి అడుగుతుంది. ఆ ప్రశ్న వస్తుందన్న ధీమాతో బతికినవాడు, ఆ ఆలియాస్ లేని మెషీన్ మీద అదే కమాండ్ కొడితే ప్రశ్న రాదు, ఫైళ్లుండవు. ఉన్న పేరు కిందే తీరు మార్చేసే ఆలియాస్‌లు నిజంగానే ప్రమాదకరం. భద్రత కోసం పెట్టినవి మరీను, ఎందుకంటే అవి జాగ్రత్తను మనిషి నుంచి ఫైలుకు బదిలీ చేస్తాయి. కొత్త పేరుతో పెట్టుకున్నదానికి ఈ దోషం లేదు. లేని చోట ఆ కమాండ్ దొరకలేదని షెల్ చెబుతుంది, నష్టం అక్కడితో ఆగుతుంది. బాష్ రాసినవాళ్లు ఇక్కడ ఒక గీత గీశారు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నప్పుడే బాష్ ఆలియాస్‌లను విప్పుతుంది. ఫైలులో రాసిన స్క్రిప్టును నడిపేటప్పుడు మామూలుగా వాటిని పట్టించుకోదు. పవర్‌షెల్ స్క్రిప్టులను తనిఖీ చేసే సాధనం కూడా ఆలియాస్ కనిపిస్తే నిండు పేరు రాయమని హెచ్చరిస్తుంది. ఇంట్లో సత్తి అని పిలిచినా దస్తావేజులో వెంకట సత్యనారాయణమూర్తి అనే రాయాలి. ఆ మర్యాద ఈ వృత్తిలో చాలాకాలంగా ఉంది.

2005లో మొదలైన ఫిష్ షెల్ ఈ చిక్కుకు ఇంకాస్త అందమైన పరిష్కారం చూపింది. అందులో అబ్రీవియేషన్ అనే ఏర్పాటు ఉంది. జీసీఓ అని కొట్టి ఖాళీ మీట నొక్కగానే ఆ మూడక్షరాలు కళ్ల ముందే గిట్ చెకౌట్ అనే కమాండ్‌గా విచ్చుకుంటాయి. ఎంటర్ కొట్టేలోగా అసలు కమాండ్ ఏమిటో చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. హిస్టరీలోనూ నిండు పేరే నమోదవుతుంది. రోజుకు ఇరవైసార్లు ఆ నిండు రూపం కంట పడుతుంటే, కొత్త మెషీన్ మీద దాన్ని మరిచిపోయే సమస్య రాదు. మల్టిక్స్‌లోని అబ్రెవ్‌తో పోల్చదగిన ఈ పద్ధతి ఆలియాస్ కంటే మెరుగని నాకు గట్టిగా అనిపిస్తుంది. కొత్తగా అమరికలు మొదలుపెట్టేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెడితే మంచిది.

ఇటీవలి దశాబ్దాల్లో టెర్మినల్ లోకాన్ని ముంచెత్తిన కొత్త సాధనాలను కూడా ఈ వరసలోనే చదవాలి. వాటి మీద ఉన్న అనుమానం ఏమిటంటే, 1973 నుంచి ఫైళ్లలో మాట వెతికే గ్రెప్ చక్కగా పనిచేస్తుండగా దానికి బదులు ఇంకొకటి ఎందుకు, ఇదంతా మోజు కాదా అని. గ్రెప్ పుట్టుకే దీనికి సమాధానం. ఈడీ ఎడిటర్‌లో ఒక నమూనాకు సరిపోయే వరసలన్నీ అచ్చువేయమనడానికి జీ, గీత, ఆర్‌ఈ, గీత, పీ అని కొట్టేవారు. ఎడిటర్‌లో పట్టనంత పెద్ద పాఠాల్లో వెతకాల్సి వచ్చినప్పుడు థాంప్సన్ ఆ ఒక్క పనిని విడదీసి ప్రోగ్రాం చేశారు, ఆ అడ్డదారి వరసనే దానికి పేరుగా పెట్టారు. ఆ పేరు 2003లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో చోటు చేసుకుంది. గ్రెప్ పుట్టిన ముప్పై ఏళ్లకు ప్రోగ్రామర్ల ముందున్న డైరెక్టరీలు మారిపోయాయి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ లాంటి వ్యవస్థల దాపుడు ఫైళ్లు, బయటి నుంచి దించుకున్న లైబ్రరీలు, బిల్డ్‌లో తయారైన చెత్త కలిసి వేల ఫైళ్లు. అవన్నీ వదిలేసి నా కోడ్‌లో మాత్రమే వెతుకు అని చెప్పడానికి గ్రెప్‌కు పొడుగాటి ఆప్షన్లు తగిలించాలి. జనం వాటిని ఆలియాస్‌లుగా దాచుకున్నారు. ఆండీ లెస్టర్ 2005లో రాసిన ఆక్ ఆ అలవాటును ప్రోగ్రాం చేసింది. 2011లో వచ్చిన సిల్వర్ సర్చర్ దానికి వేగం తెచ్చింది. ఆండ్రూ గాలంట్ 2016లో రస్ట్ భాషలో విడుదల చేసిన రిప్‌గ్రెప్ గిట్ వదిలేయమన్న ఫైళ్లను తానూ వదిలేస్తూ, ప్రాసెసర్‌లోని కోర్లన్నిటినీ పనిలో పెట్టింది. ఆర్‌జీ అని రెండక్షరాలు కొట్టి మాట ఇస్తే చాలు. ఒకప్పుడు ఆలియాస్‌లో ఉన్న నిర్ణయమే ఇక్కడ సాధనానికి పుట్టుకతో వచ్చిన తీరైంది. జునెగున్ చోయ్ 2013లో మొదలుపెట్టిన ఎఫ్‌జెడ్‌ఎఫ్ హిస్టరీలో వెతకడాన్ని తెర నిండా పరిచింది. గుర్తున్న ముక్కలు ఏ వరసలో కొట్టినా పాత కమాండ్ పైకి తేలుతుంది. జాక్సైడ్ అనేది మనం ఏ డైరెక్టరీలకు ఎంత తరచుగా, ఎంత ఈమధ్య వెళ్లామో లెక్క పెట్టుకుని, పేరులో ఒక ముక్క చెబితే అక్కడికి చేరుస్తుంది. చోటుకు ఆనవాలు పెట్టుకునే ఆలియాస్‌ను మనం రాయకుండానే అది రాసిపెడుతోందన్న మాట.

కొత్తవాటిలో నిలిచేది ఎన్ని అన్న ప్రశ్న న్యాయమైనదే. ఎల్ఎస్‌కు రంగులద్ది పేరు తెచ్చుకున్న ఎక్సా అనే సాధనం నిర్వహణ లేక ఆగిపోతే, 2023లో దాని కోడ్ నుంచి ఈజా అనే శాఖ పుట్టింది. ఆలియాస్‌లో ఎక్సా అని రాసుకున్నవాళ్లు ఒక్క మాట మార్చుకుని సాగిపోయారు. సాధనం పోయినా అలవాటు చెక్కుచెదరకపోవడం ఆలియాస్ చేసిన మేలు. చిన్న పేర్ల కొరత కూడా నిజమే. ఫైళ్లను వెతికే ఎఫ్‌డీ, ఫైళ్లలోని పాఠం చూపే బ్యాట్ కూడా ఇలాంటి కొత్త సాధనాలే. డెబియన్ లినక్స్‌లో ఆ పేర్లను వేరే ప్యాకేజీలు ముందే తీసుకున్నందున, అక్కడ ఆ కొత్త సాధనాలు ఎఫ్‌డీఫైండ్, బ్యాట్‌క్యాట్ అన్న పొడుగు పేర్లతో దిగుతాయి. వాడేవాళ్లు వెంటనే చేసే పని వాటికి ఎఫ్‌డీ, బ్యాట్ అని ఆలియాస్ పెట్టుకోవడం. 2009లో రాబీ రస్సెల్ మొదలుపెట్టిన ఓ మై జెడ్ షెల్ లాంటి అమరికల కూర్పుల్ని మొత్తంగా దించుకుని, వందలాది ఆలియాస్‌లలో పదీ వాడకుండా, షెల్ తెరుచుకోవడానికే క్షణాలు వేచి ఉండేవాళ్ల మీద వచ్చే విమర్శను మాత్రం నేను ఒప్పుకుంటాను. అవి వాళ్ల నిర్ణయాలు కావు. ఎవరో తమ ఇంటికి పెట్టుకున్న పేర్లను తెచ్చి మన ఇంట్లో పిలిస్తే పలికేవాళ్లుండరు.

తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకంగా పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, బల్ల మీద పరిచిన కాగితం మీద యూటీఎఫ్-8 సంకేతాన్ని గీశారు. వీరిలో థాంప్సన్ ఎల్ఎస్ లాంటి రెండక్షరాల పేర్ల యూనిక్స్‌ను తయారుచేసినవారే. ఆ సంకేతం వల్ల తెలుగు అక్షరం నేటి టెర్మినల్‌లోకి రాగలిగింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. క్షే అన్న ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, ఏత్వం కలిసి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. బాష్ ఆలియాస్ పేరులో ఏవో కొన్ని ప్రత్యేక చిహ్నాలు తప్ప ఏ అక్షరమైనా రావచ్చు గనక, జాబితా అని తెలుగులో రాసి దానికి ఎల్ఎస్ హైఫన్ ఎల్ అని అర్థం ఇస్తే షెల్ అభ్యంతరం చెప్పదు, పట్టిక చూపిస్తుంది. అడ్డు షెల్‌లో లేదు, తెరలో ఉంది. టెలిటైప్ కాలం నుంచి టెర్మినల్ తెర సమానమైన గళ్లుగా కోసిన కాగితం, గడికొక అక్షరం. తెలుగు అక్షరం గడిలో ఒదగదు, ఒత్తు కిందికి దిగుతుంది, గుణింతం పైకి లేస్తుంది, క్షే వెడల్పు క వెడల్పు ఒకటి కావు. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోతాయి, కర్సర్ ఒక చోట ఉంటే అక్షరం ఇంకో చోట చెరుగుతుంది. గ్రాఫిక్స్ చిప్‌తో సెకనుకు వేల వరసలు గీయగల కొత్త టెర్మినళ్లకు కూడా ఇది పూర్తిగా లొంగలేదు. ఒక గడి, రెండు గళ్లు అన్న లెక్కను అక్షర సమూహాల లెక్కగా మార్చే పని కొన్ని టెర్మినల్ ప్రాజెక్టులలో మొదలైంది. అది తెలుగు దాకా సరిగ్గా రావాలంటే ఏ అక్షరం ఎక్కడ విరుగుతోందో చూపించే ఉదాహరణలు తెలుగు రాసేవాళ్లే వాళ్లకు అందించాలి.